ఆర్డర్‌కి 22 రూపాయలంటున్న గోదాముకి చివరికి మీరు కట్టేది ఎంత?

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కర్నూలులో ఇంట్లోనే బుడ్డల చిక్కీ, పప్పుల పొడి, బొరుగుల ఉండలు చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. నెలకి 600 ఆర్డర్లు, సగటున ఆర్డర్‌కి 540 రూపాయలు, అందులో 60 శాతం క్యాష్ ఆన్ డెలివరీ. మీరూ మీ అమ్మగారూ రాత్రి 11 దాకా టేపులు అంటిస్తూ కూర్చుంటున్నారు, అమ్మగారికి చేతి నొప్పి. హైదరాబాద్ శివార్లలో గోదాము ఉన్న ఒక సంస్థ వాళ్లు "సరుకు మా దగ్గర పెట్టండి, ఆర్డర్‌కి 22 రూపాయలకే ప్యాక్ చేసి పంపేస్తాం, కొరియర్ 45 నుంచి మొదలు" అన్నారు. శనివారం లోపు 25 వేలు అడ్వాన్స్ కడితేనే ఈ రేటు అన్నారు. 22, 45 కలిపితే 67, ఇందులో కనిపించని ఖర్చులు ఇంకేమైనా ఉంటాయా, కట్టేయమంటారా అని మీ ప్రశ్న.

ఉంటాయి. నేను అనంతపురంలో ఎనిమిదేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. మీరు బుడ్డలంటారు, మేము చెనక్కాయలంటాం, అంతే తేడా. నాలుగేళ్ల కిందట మీలాగే విసిగిపోయి బెంగళూరు దగ్గర ఒక గోదాముకి పని అప్పగించాను. ఐదు నెలల్లో చేతి చమురు బాగానే వదిలింది. తర్వాత అక్కడే ఇంకో సంస్థతో కుదుర్చుకున్నాను, అది ఇప్పటికీ సాఫీగా నడుస్తోంది. ఇద్దరి రేటులోనూ పెద్ద తేడా లేదు. మొదటివాళ్లు నన్ను మోసం చేశారని కూడా అనలేను. నాకు తగిలిన ప్రతి ఖర్చూ నేను సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది. చదివే పెట్టాను. చదివేటప్పుడు "వాల్యూమెట్రిక్ వెయిట్ (పెట్టె సైజుని బట్టి కట్టే బరువు) వర్తిస్తుంది" అన్నది ఒక చిన్న వాక్యం. బిల్లు వచ్చేసరికి అది 9 వేల రూపాయలైంది.

అందుకే రెండోసారి రేట్ కార్డ్‌తో, అంటే వాళ్లిచ్చే ధరల పట్టికతో, మొదలుపెట్టలేదు. అంతకు ముందు నెలలో నేను పంపిన ఆర్డర్లలోంచి 100 తీసి ఎక్సెల్‌లో పెట్టాను. పిన్ కోడ్, ఏమేం వస్తువులు, ఎన్ని, నేను వాడిన పెట్టె కొలత, బరువు, డబ్బు ముందే కట్టారా చేతికి ఇస్తారా, చివరికి అందిందా తిరిగొచ్చిందా. మంచి ఆర్డర్లే ఏరుకోకుండా తిరిగొచ్చినవి, పల్లెటూళ్లకి వెళ్లినవి, సీసా పగిలిందని గొడవైనవి కూడా కలిపాను. ఆ ఫైలు పంపి "ఈ 100 మీరే పంపారనుకుని నెలాఖరు బిల్లు ఎలా వేస్తారో అలా వేసి ఇవ్వండి, జీఎస్టీతో సహా, కింద మొత్తంతో సహా" అన్నాను. నలుగురిని అడిగితే ఇద్దరు ఇచ్చారు. ఒకాయన ఫోన్ చేసి "మేడమ్, ఇలా ఎవరూ అడగరు, సిస్టంలో రాదు" అన్నారు. నెలనెలా వేసే బిల్లు సిస్టంలోంచే కదా వస్తుంది? ఆ సంస్థని అక్కడితో పక్కన పెట్టాను.

మీరు చేయాల్సింది ప్రధానంగా ఇదే. ఆ బిల్లులో ఏ వరుస దగ్గర కళ్లు పెట్టాలో తెలియడం కోసం మిగతాది రాస్తున్నాను.

మీ ఆర్డర్ ఒకటి తీసుకుందాం. ఒక డబ్బా బొరుగుల ఉండలు, రెండు ప్యాకెట్ల పప్పుల పొడి, ఒక చిక్కీ ప్యాకెట్. మొత్తం నాలుగు వస్తువులు, తూకం వేస్తే 1 కిలో 100 గ్రాములు. 22 రూపాయలన్నది సాధారణంగా మొదటి వస్తువుకే. ఆ పైన ఒక్కో వస్తువుకి ఇంత అని ఉంటుంది, 5 రూపాయలనుకుందాం. అక్కడికి 37. అట్టపెట్టె, బబుల్ షీటు, టేపు "అసలు ధర మీద" అంటారు, 18 వేసుకోండి. మీరు పెట్టే థాంక్స్ కార్డుకి ఇంకో 2. మొత్తం 57. కొరియర్ దాకా ఇంకా రాలేదు.

కొరియర్ 45 అన్నది మొదటి 500 గ్రాములకి. పైన ప్రతి 500 గ్రాములకీ విడిగా వేస్తారు, 38 అనుకుందాం. 1 కిలో 100 గ్రాములంటే కిలోన్నర కింద లెక్క, 45కి రెండు 38లు కలిపి 121. ఇంతవరకూ ఎవరైనా అర్థం చేసుకుంటారు. బొరుగులతోనే వస్తుంది తంటా.

పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చేది కొరియర్ వాళ్ల దృష్టిలో ఇంకో బరువు, అదే వాల్యూమెట్రిక్ వెయిట్. నిజం బరువు, ఈ లెక్క బరువు రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటారు. కొందరు 5000 బదులు 4000తో భాగిస్తారు, అప్పుడు ఇంకా పెరుగుతుంది, కాబట్టి ఆ అంకె ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి. ఇంట్లో మీ అమ్మగారు ఈ నాలుగు వస్తువుల్నీ 25, 20, 14 సెంటీమీటర్ల పెట్టెలో ఇరికిస్తారనుకుందాం. 7000 ఘన సెంటీమీటర్లు, 5000తో భాగిస్తే 1.4 కిలోలు. కిలోన్నర లోపే ఉంది, 121 అలాగే ఉంటుంది. గోదాములో మీ కొలత పెట్టె ఉండదు. వాళ్ల దగ్గర చిన్నది, నడిమిది, పెద్దది అని మూడే ఉంటాయి. చిన్నదాంట్లో పట్టకపోతే ఆ కుర్రాడు చేతికందిన 30, 25, 20 పెట్టె తీసి మిగిలిన ఖాళీలో కాగితం కుక్కుతాడు. గంటకి ఇన్ని అని అతనికి లెక్క ఉంటుంది, అతన్ని ఏమనగలం? 30, 25, 20 గుణిస్తే 15000, 5000తో భాగిస్తే సరిగ్గా 3 కిలోలు. 45కి ఐదు 38లు, 235. సరుకులో ఒక్క గ్రాము పెరగలేదు, కొరియర్ ఖర్చు మాత్రం 114 రూపాయలు పెరిగింది.

దానికి క్యాష్ ఆన్ డెలివరీ ఫీజు 35 కలపండి. 57, 235, 35 కలిపి 327. దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 386 దగ్గర తేలుతుంది. మీ అమ్మగారి పెట్టె వాడి ఉంటే అదే ఆర్డర్ 251. మీరు అనుకున్నది 67. మీకు రెగ్యులర్ జీఎస్టీ ఉంటే ఆ 18 శాతాన్ని క్రెడిట్‌గా తీసుకోవచ్చు, అంటే మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవచ్చు. కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉంటే అదీ లేదు. అసలు కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లు వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు, మీ ఆడిటర్ ఈపాటికి చెప్పే ఉంటారు.

కాబట్టి పెట్టెలు మీరే ఇవ్వండి. నేను నా కొలతలకి నాలుగు రకాల పెట్టెలు చేయించి గోదాముకి పంపుతాను, ఏ కాంబోకి ఏ పెట్టె అన్నది గోడకి అంటించుకునేలా ఫోటోలతో ఒక చార్టు ఇచ్చాను. ఒప్పందంలో ఒక వాక్యం కూడా రాయించుకున్నాను: చార్టులో లేని పెట్టె వాడితే అదనంగా పడే కొరియర్ ఖర్చు వాళ్లదే. ఈ ఒక్క వాక్యం కోసం పది రోజులు బేరమాడాను. రేటులో 2 రూపాయలు తగ్గించమని అడిగి ఉంటే వెంటనే ఒప్పుకునేవాళ్లేమో, దీనికి మాత్రం ఒక పట్టాన దిగిరాలేదు. ఎందుకో ఇప్పుడు మీకూ తెలుసు.

ఇంకోటి. మీరు పంపిన పెట్టెని కొరియర్ వాళ్లు తమ హబ్‌లో మిషన్ మీద మళ్లీ కొలుస్తారు. ఉబ్బిన పెట్టె రెండు సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది, ఇంకో 500 గ్రాములు పడుతుంది. దీన్నే బిల్లులో వెయిట్ డిస్క్రెపెన్సీ అని వేస్తారు. నా మొదటి నెల బిల్లులో అలాంటివి 41 ఉన్నాయి. అభ్యంతరం చెప్పడానికి కొద్ది రోజులే గడువు ఉంటుంది, ఆ గడువు దాటాక నేను చూశాను. ప్రతి రకం పెట్టెనీ సరుకుతో నింపి, తూకం మీద పెట్టి, పక్కన టేపు పెట్టి ఫోటోలు తీసి ఉంచుకోండి. ఆ కొలతలు ముందే ఒప్పించుకుని ఖాయం చేసుకోవడాన్ని వెయిట్ ఫ్రీజ్ అంటారు, అది ఇస్తారా అని అడగండి. అభ్యంతరం ఎవరు పెట్టాలి, మీరా వాళ్లా, అది కూడా. గోదాము వాళ్లు మీ కోసం అంత సమయం పెట్టరు.

ఇక ఆర్టీఓ. బండి లైసెన్సు ఆఫీసు కాదులెండి, రిటర్న్ టు ఒరిజిన్. కస్టమర్ తీసుకోకపోతే పార్శిల్ తిరిగొస్తుంది, తిరుగు ప్రయాణానికీ దాదాపు వెళ్లినంతే పడుతుంది. పైగా గోదాములో దాన్ని విప్పి చూసి మళ్లీ అరలో పెట్టినందుకు 15 రూపాయలో 20 రూపాయలో వేస్తారు. మీ పెట్టె లెక్కనే ప్యాకింగ్ 57, పోను 121, రాను 121, విప్పినందుకు 15, మొత్తం 314. ఒక్క పైసా ఆదాయం లేకుండా, జీఎస్టీ కలపకుండా. 100 క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లలో 20 తిరిగొచ్చాయనుకోండి, 6,280 రూపాయలు. దాన్ని అందిన 80 ఆర్డర్ల మీద వేసుకుంటే ఒక్కోదానికి 78 రూపాయల 50 పైసలు. ఇది ఏ రేట్ కార్డ్‌లోనూ వరుసగా కనిపించదు, మీ తిరుగు శాతం మీకు మాత్రమే తెలుసు కాబట్టి. ప్రొద్దుటూరులో బట్టలు అమ్మే మా చిన్నాన్న కొడుక్కి కనీసం తిరిగొచ్చిన చీరని ఇస్త్రీ చేసి మళ్లీ అమ్ముకునే వీలుంది, దానికీ గోదాము వాళ్లు డబ్బు తీసుకుంటారనుకోండి. తినే వస్తువుకి ఆ దారి కూడా లేదు. 12 రోజులు లారీల్లో ఎండకి తిరిగొచ్చిన ఉండల్ని మీరు ఇంకొకరికి పంపగలరా? నేనైతే పంపను.

దీనికి మందు గోదాములో లేదు, మీ దగ్గరే ఉంది. కొత్త కస్టమర్ క్యాష్ ఆన్ డెలివరీ పెడితే ప్యాక్ చేసేముందు వాట్సాప్‌లో ఒక మెసేజ్, జవాబు రాకపోతే ఒక ఫోను. ఇప్పుడు ఇంట్లో మీరు ఈ పని తెలియకుండానే చేస్తున్నారు: "అన్నా, అడ్రసు సరిగ్గా లేదు, బళ్లారి చౌరస్తా నుంచి ఎటు?" అని అడుగుతున్నారు. గోదాముకి వెళ్లాక ఆర్డర్ పడగానే లేబుల్ వచ్చేస్తుంది, ఆ ఫోను ఎవరూ చేయరు. నా తిరుగు పార్శిళ్లు మొదటి రెండు నెలల్లో ఎందుకు పెరిగాయో అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. ఆర్డర్‌ని కొన్ని గంటలు ఆపి, మీరు సరే అన్నాకే ప్యాకింగ్‌కి వెళ్లే ఏర్పాటు ఉందా అని అడగండి.

కస్టమర్ ఇచ్చిన డబ్బు మీ ఖాతాలో ఎప్పుడు పడుతుందో కూడా చూసుకోవాలి. మీకు రోజుకి 12 క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లు, ఒక్కోటి 540, అంటే రోజుకి 6,480. పది రోజులు ఆపి ఇస్తే ఎప్పుడూ దాదాపు 65 వేలు వాళ్ల దగ్గరే ఉంటుంది. ఆ డబ్బు లేకుండా బెల్లం, చెనక్కాయలు కొనగలరా? తొందరగా కావాలంటే శాతం లెక్కన ఇంకో ఫీజు అడుగుతారు. కొందరు తమ బిల్లుని అందులోంచే మినహాయించుకుని మిగిలింది వేస్తారు. అలా చేస్తే బిల్లు తప్పని మీరు అనేలోపే డబ్బు పోయి ఉంటుంది. కస్టమర్ల డబ్బు పూర్తిగా మీకు, వాళ్ల బిల్లు విడిగా మీరు కట్టేలా ఒప్పందం ఉండాలి. వాళ్లు దీనికి ఒప్పుకోకపోతే కనీసం మినహాయింపుకి 5 రోజుల ముందు బిల్లు పంపాలని రాయించండి.

ఇప్పుడు మీ ఊరికే ప్రత్యేకమైన సంగతి. కర్నూలు నుంచి హైదరాబాద్ వైపు తుంగభద్ర బ్రిడ్జి దాటగానే రాష్ట్రం మారిపోతుంది. మీ జీఎస్టీ నంబరు 37తో మొదలవుతుంది, అది ఆంధ్రప్రదేశ్ కోడ్. తెలంగాణ గోదాములో మీ సరుకు నిల్వ ఉంచి అక్కడి నుంచి అమ్మాలంటే 36తో మొదలయ్యే ఇంకో రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. పాన్ ఒకటే అయినా జీఎస్టీ చట్టం దృష్టిలో ఆ రెండు నంబర్లూ ఇద్దరు వేర్వేరు మనుషులు. అంటే మీ సరుకుని మీ గోదాముకే మీరు పంపుకున్నా దాన్ని అమ్మకంలాగే లెక్కేసి ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలకి పడే జీఎస్టీ) కట్టాలి. 5 శాతం పన్ను ఉన్న సరుకు 2 లక్షలది పంపితే 10 వేలు. అది అక్కడ క్రెడిట్‌గా వస్తుంది, పోదు, కానీ సరుకు అమ్ముడయ్యే దాకా ఇరుక్కుంటుంది. లోడు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు వెంట ఉండాల్సిన ఆన్‌లైన్ రవాణా పత్రం) తప్పనిసరి. రెండు చోట్లా విడివిడిగా రిటర్నులు, ఆడిటర్‌కి రెండు ఫీజులు. ఇక్కడ మిగిలిన ఎస్‌జీఎస్టీ (జీఎస్టీలో రాష్ట్రం వాటా) క్రెడిట్‌ని అక్కడ వాడుకోలేరు. కర్ణాటక సరిహద్దులోని కొడికొండ చెక్‌పోస్ట్ అవతల గోదాము పెట్టుకున్నప్పుడు నాకు కర్ణాటక 29 నంబరుతో ఇదంతా అనుభవంలోకి వచ్చింది. సేల్స్ కుర్రాడు "జీఎస్టీ మేమే చూసుకుంటాం మేడమ్" అన్నాడు. వాళ్లు చూసుకున్నది దరఖాస్తు మాత్రమే, దానికీ ఫీజు తీసుకున్నారు. ఆ తర్వాత ప్రతి నెలా చూసుకున్నది నేను.

గోదాము మన రాష్ట్రంలోనే ఉంటే ఈ బాధ లేదు. ఉన్న రిజిస్ట్రేషన్‌లోనే అదనపు వ్యాపార స్థలంగా ఆ చిరునామా చేర్పిస్తే చాలు. మరి హైదరాబాద్ ఎందుకు అంటే, మీ కస్టమర్లలో ఎక్కువమంది అక్కడే ఉంటే కొరియర్ జోను మారి రేటు తగ్గుతుంది, మర్నాటికే అందుతుంది. అది నిజమైన లాభమే. ఎంతమంది ఉన్నారో ఊహించకండి, ఎక్సెల్‌లో పిన్ కోడ్ మొదటి రెండు అంకెలతో వరుస పెట్టండి. 50 అయితే తెలంగాణ, 51 నుంచి 53 దాకా ఆంధ్రప్రదేశ్, 56 నుంచి 59 దాకా కర్ణాటక. నాకు సగం 56 వచ్చింది కాబట్టే బెంగళూరు దగ్గర గోదాము, 29 నంబరు ఇప్పటికీ ఉంచుకున్నాను. మీకు 51, 52 ఎక్కువ వస్తే సరుకుని కర్నూలు నుంచి హైదరాబాద్ పంపి, అక్కడి నుంచి మళ్లీ నంద్యాలకీ కడపకీ రప్పించుకున్నట్టు అవుతుంది.

తినే వస్తువులు కాబట్టి ఆ గోదాముకి ఆహార నిల్వకి ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ ఉందా, 14 అంకెల నంబరు ఏమిటి అని అడిగి తీసుకోండి. మీ లైసెన్స్ వాళ్ల గోదాముకి పనికిరాదు. ముందు గడువు తీరే ప్యాకెట్ ముందు పంపుతారా అన్నది ఇంకా ముఖ్యం. ఆన్‌లైన్‌లో అమ్మే ఆహారం చేతికి అందే నాటికి కనీసం 30 శాతం షెల్ఫ్ లైఫ్ గానీ, గడువుకి 45 రోజులు గానీ మిగిలి ఉండాలని 2024 నవంబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆన్‌లైన్ సంస్థలకి చెప్పింది. మూడు నెలల గడువున్న పప్పుల పొడి అరలో వెనక్కి వెళ్లిపోతే, లెక్కలో సరుకు ఉంటుంది, అమ్మడానికి ఉండదు. బ్యాచ్ వారీగా చూడటానికి నెలకింత అని విడిగా అడిగేవాళ్లూ ఉన్నారు. మే నెలలో రేకుల షెడ్డులో చెనక్కాయ పొడి పాతనూనె వాసన కొట్టడానికి ఎన్ని రోజులు పడుతుందో మన సీమవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. వెళ్లి చూడండి, మధ్యాహ్నం రెండింటికి వెళ్లండి.

చిన్నాచితకా కూడా చెప్పేస్తాను. సరుకు దించుకున్నందుకు పెట్టెకింత. ప్యాకెట్ మీద బార్‌కోడ్ అంటించినందుకు పీస్‌కి 2 రూపాయలంటే నెలకి మీ 2,400 ప్యాకెట్లకి 4,800. ఇది ఇంట్లోనే అంటించి పంపితే మిగిలిపోతుంది. నిల్వ అద్దె ఘనపుటడుగు లెక్కనా, అర లెక్కనా, వాడినంతకా, మీ పేరున ఉంచినంతకా? బొరుగుల డబ్బాలు చోటు తింటాయి, పైసలు తేవు. పోయిన సరుకుకి నూటికి ఒకటి దాకా మేం బాధ్యులం కాము అని ఉంటుంది, ఆ పైన పోతే తయారీ ఖర్చు ఇస్తారా అమ్మకం ధర ఇస్తారా చూడండి. ఎలుకల పేరు ఎక్కడైనా ఉంటే ఆ పేజీ రెండుసార్లు చదవండి.

కనీస బిల్లు గురించి మాత్రం గట్టిగా పట్టుబట్టండి. నెలకి 800 ఆర్డర్లకి తగ్గకుండా కట్టాలని ఉంటే, మీ 600కి అదనంగా పంపని 200 ఆర్డర్లకి 4,400 కడతారు. సంక్రాంతికి మీకు వెయ్యి రావచ్చు, చినుకులు పడే నెలల్లో చిక్కీ చెమ్మెక్కుతుందని జనం కొనరు, 350కి పడిపోతుంది. నెలనెలా కాకుండా మూడు నెలల సగటు మీద కనీస బిల్లు పెట్టమనండి. ఒప్పుకుంటారు, నాకు ఒప్పుకున్నారు.

నన్నడిగితే, రోజుకి 20 ఆర్డర్లకి గోదాము తొందర. ఒక్కో పార్శిల్‌కి 5 నిమిషాలనుకున్నా గంటా నలభై నిమిషాల పని. మీకు అది రాత్రి 11 దాకా ఎందుకు సాగుతోందంటే వంట, ప్యాకింగ్, లేబుళ్లు, ఫోన్లు అన్నీ మీరిద్దరే చేస్తున్నారు కాబట్టి. వీధిలో ఒకావిడని పార్శిల్‌కి 6 రూపాయల లెక్కన సాయంత్రం పూట పెట్టుకుంటే నెలకి 3,600. కొరియర్ వాళ్లు ఇంటికే వచ్చి తీసుకెళ్లే ఏర్పాటు చేసుకోండి. పల్లెలకి స్పీడ్ పోస్ట్ వాడండి, కొరియర్ పోని చోటుకి కూడా పోస్ట్‌మ్యాన్ పోతాడు. అమ్మగారి చేతి నొప్పికి ఇది చాలు. మీ ఇంటి ప్యాకింగ్ ఉచితం అనుకోవడం కూడా తప్పే, ఆ 3,600, పెట్టెలు, కరెంటు, ఒక గది అన్నీ కలిపి ఆర్డర్‌కి ఎంతో రాసుకోండి. గోదాము నమూనా బిల్లుని ఆ అంకెతో పోల్చాలి, సున్నాతో కాదు. రోజుకి 70, 80 దాటాక లెక్క మారుతుంది. అప్పుడు కూడా అంతా ఒకేసారి పంపొద్దు. చిక్కీ, పొడి గోదాము నుంచి, ఉండలు ఇంటి నుంచి పంపి చూడండి. రెండూ ఒకే ఆర్డర్‌లో వస్తే రెండు పార్శిళ్లవుతాయి, కాబట్టి ఉండల కాంబోలు కొన్నాళ్లు వెబ్‌సైట్‌లోంచి తీసేయాల్సి రావచ్చు.

బయటికి వచ్చే దారి కూడా లోపలికి వెళ్లేముందే చూసుకోవాలి. నేను మొదటి సంస్థని వదిలేటప్పుడు 60 రోజుల నోటీసు, ఆ రెండు నెలలూ కనీస బిల్లు. మిగిలిన 1,900 ప్యాకెట్లు అరల్లోంచి తీసి ఇచ్చినందుకు పీస్‌కి 4 రూపాయలు, 7,600. పాత వెయిట్ డిస్క్రెపెన్సీల తగాదా తేలేదాకా సరుకు ఇవ్వం అన్నారు, ఆ హక్కు వాళ్లకి ఒప్పందంలోనే ఉంది. కోర్టుకి పోవాలంటే వాళ్ల హెడ్ ఆఫీసున్న ఊళ్లోనే. కట్టేసి పెట్టెలు ఆర్టీసీ కార్గోలో వేయించాను. అనంతపురం బస్టాండులో దించుకుని విప్పితే మూడో వంతుకి గడువు నెల కూడా లేదు.

ఇక శనివారం సంగతి. కట్టకండి. ముందు ఆ 25 వేలు ఏమిటో అడగండి: తిరిగిచ్చే డిపాజిట్టా, కొరియర్ ఖర్చులకి వాడుకునే వాలెట్టా, తిరిగిరాని సెటప్ ఫీజా. మూడూ అడ్వాన్సే, మూడూ ఒకటి కావు. ఈలోగా 100 ఆర్డర్ల ఫైలు పంపి నమూనా బిల్లు అడగండి. రెండు రోజుల పని అది. బిల్లు వచ్చాక వాళ్ల పేరు, వివరాలు కొట్టేసి అంకెలు ఇక్కడ పెట్టండి, వరుసగా చూసి చెప్తాను. అంతకు ముందు రేపు పొద్దున్నే ఆ ఉండల డబ్బాని టేపుతో కొలిచి మూడు కొలతలూ రాయండి. 14 ఎత్తు పెట్టెలో అది పడుకుని పడుతుందో, నిలబడి పడుతుందో చూస్తే సగం లెక్క అక్కడే తెలుస్తుంది.